జేబు డిజిటల్ కెమెరా: చౌక రకాల్లో భాగాల గుణనిర్ణయం, కళింగపట్నం తీరం పరీక్షాస్థలంగా

జేబు డిజిటల్ కెమెరా అంటే విడదీయడానికి వీలులేని లెన్సును ఒంటికే అమర్చుకుని, వెలుతురు కొలవడం, ఫోకస్ కుదర్చడం, రంగులు సరిచూడడం వంటి పనులన్నీ తనంతట తానే చేసుకుంటూ, గురిపెట్టి మీట నొక్కడం ఒక్కటే వాడేవారికి మిగిల్చే చిన్న కెమెరా. ఫిల్ము కాలంలో మధ్యతరగతి ఇళ్ళలో హాట్‌షాట్, కొడాక్ కెబి-10 వంటి కెమెరాలకు ఉండిన స్థానం 2000 తరువాతి దశాబ్దంలో కానన్ పవర్‌షాట్ ఏ వరుసకు, నికాన్ కూల్‌పిక్స్ ఎల్ వరుసకు, కొడాక్ ఈజీషేర్ సి వరుసకు దక్కింది. ఇలాంటి తక్కువ ధర కెమెరాలో ఏ భాగం ఎంత గట్టిదో, ఏది ఎంత కాలం నిలుస్తుందో తేల్చుకునే పద్ధతులే ఈ వ్యాస విషయం. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో వంశధార నది బంగాళాఖాతంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం ఇందుకు పరీక్షాస్థలం. దుకాణంలో చల్లని గదిలో, తెల్లని దీపాల కింద ఏ కెమెరా అయినా బాగానే కనిపిస్తుంది. ఉప్పుగాలి, సన్నని ఇసుక, ఏడాది పొడవునా తేమ, నీటి మీద పడి కళ్ళు మిరుమిట్లుగొలిపే ఎండ, చీకటి పడ్డాక పందిళ్ళ కింద జరిగే పెళ్ళిళ్ళు, ఇవన్నీ ఒకేచోట ఉన్న ఇలాంటి తీరంలో మాత్రం దాని లోపాలు త్వరగా బయటపడతాయి.

పుట్టుక

కాంతిని విద్యుదావేశంగా మార్చి వరుసగా బయటికి చేరవేసే సీసీడీ అనే అర్ధవాహక పరికరాన్ని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. అందుకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో వారికి భాగం దక్కింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా సుమారు 3.6 కిలోల బరువుండి, 0.01 మెగాపిక్సెల్ నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. అదే సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరుతో 1976లో పేటెంటు పొందిన రంగుల జల్లెడ, అంటే ఒక్కో పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లో ఒకదాన్ని మాత్రమే ఉంచి మిగిలిన రెండు రంగులనూ పక్క పిక్సెళ్ళ నుంచి లెక్కగట్టే ఏర్పాటు, నేటి చౌక కెమెరాల్లోనూ దాదాపు అదే రూపంలో ఉంది. 2010లో ప్రపంచమంతటా తయారీదారులు దాదాపు 12 కోట్ల డిజిటల్ కెమెరాలను పంపిణీ చేయగా వాటిలో అధికభాగం జేబు కెమెరాలే. ఆపై ఫోన్లు ఆ సంతను మింగేశాయి. 2012లో కొడాక్ డిజిటల్ కెమెరాల తయారీ నుంచే తప్పుకుంది. కొత్తవి కొన్నే మిగలడం, పాతవి సెకండ్‌హ్యాండ్‌లో మళ్ళీ గిరాకీ సంపాదించుకోవడం వల్ల భాగాలను విడివిడిగా చూసి విలువ కట్టడం ఇప్పుడు మునుపటి కంటే అవసరమైంది.

లెన్సు, దాని గొట్టం

పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసేది మెగాపిక్సెళ్ళ సంఖ్యే అయినా, కెమెరా ఆయువును తేల్చేది దాని లెన్సు గొట్టం. మీట నొక్కగానే ఒకదానిలోంచి ఒకటి ముందుకు జరిగే రెండు మూడు ప్లాస్టిక్ గొట్టాలు, వాటిని తిప్పే చిన్న మోటారు, పళ్ళచక్రాలు, ముందు భాగంలో కనురెప్పల్లా తెరుచుకునే రెండు పలుచని రేకులు కలిసి ఈ ఏర్పాటు అవుతుంది. గొట్టాల మధ్య సందు వెంట్రుకవాసి మాత్రమే కాబట్టి సముద్రపు ఒడ్డున ఎగిరే ఇసుకలో ఒక్క రేణువు అందులో చిక్కుకున్నా మోటారు తిరగలేక ఆగిపోతుంది; తెర మీద 'లెన్స్ ఎర్రర్' అనే మాట కనిపించి, కెమెరా రెండు మూడుసార్లు కీచుమని ఆరిపోతుంది. ఈ జాతి కెమెరాలు మూలపడడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. బాగుచేయించే ఖర్చు చాలాసార్లు కెమెరా ధరకే దగ్గరపడుతుంది.

అందువల్ల పరీక్ష ఇక్కడ మొదలుకావాలి. కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని వరుసగా పదిసార్లు తెరిచి మూసినప్పుడు మోటారు చప్పుడు ఒకే తీరుగా సాగాలి. మధ్యలో గరగర వినిపించినా, జూమ్ ఒకచోట తడబడినా లోపల ఇసుక చేరిందనో పళ్ళు అరిగాయనో అనుమానించవలసిందే. పూర్తిగా బయటికి వచ్చిన గొట్టాన్ని వేలితో మెల్లగా తాకితే కొద్దిపాటి కదలిక సహజం, ఒక పక్కకు వాలిపోవడం మాత్రం కింద పడిన కెమెరా లక్షణం. ముందరి రేకులు సగం తెరుచుకుని ఆగితే బొమ్మల మూలల్లో నల్లని నీడ పడుతుంది. గొట్టం బయటికి రాకుండా, కాంతిని అద్దంతో లేదా పట్టకంతో మడిచి, కటకాలన్నీ ఒంటి లోపలే కదిలేలా చేసిన ఏర్పాటు 2002లో మినోల్టా డైమేజ్ ఎక్స్‌తో ప్రచారంలోకి వచ్చింది. తీరప్రాంతానికి ఈ తరహా నిస్సందేహంగా మేలైనది, అయితే చౌక వరుసల్లో అరుదు.

ఇక కటకాల నాణ్యత. 2013లో వచ్చిన కానన్ పవర్‌షాట్ ఏ1400ను ఉదాహరణగా తీసుకుంటే దాని అసలు నాభ్యంతరం, అంటే కటకానికీ బొమ్మ స్పష్టంగా పడే తలానికీ మధ్య దూరాన్ని సూచించే కొలత, 5 నుంచి 25 మిల్లీమీటర్లు. ఫిల్ము కెమెరా లెక్కలో ఇది 28 నుంచి 140 మిల్లీమీటర్లకు సమానం. ఈ రెండో లెక్కనే దుకాణదారులు చెబుతారు, పోల్చిచూడడానికి పనికివచ్చేదీ అదే. '5 ఎక్స్' అన్న అంకె ఈ రెండు కొసల నిష్పత్తి మాత్రమే కాబట్టి, ఎంత దూరపు వస్తువును దగ్గరికి తెస్తుందో అది ఒక్కటే చెప్పదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చెట్ల కొమ్మల మీద గూళ్ళు కట్టుకునే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను 140 మిల్లీమీటర్ల జూమ్‌తో తీస్తే పక్షి కంటే చెట్టే ఎక్కువ కనిపిస్తుంది. అప్పుడు 'డిజిటల్ జూమ్' వాడడమంటే ఉన్న బొమ్మలో మధ్యభాగాన్ని కత్తిరించి సాగదీయడమే గనుక, ఆ సంఖ్యను కలిపి చెప్పే ప్రకటనలను పట్టించుకోనవసరం లేదు.

కటకపు వంపులను పట్టుకోవడానికి కళింగపట్నంలో సముద్రమే కొలబద్ద. జూమ్‌ను వెడల్పు కొసన ఉంచి, నీరూ ఆకాశమూ కలిసే గీత చట్రంలో పై అంచుకు దగ్గరగా వచ్చేలా ఒక ఫోటో, కింది అంచుకు దగ్గరగా మరొకటి తీస్తే, మొదటిదానిలో గీత పైకి, రెండోదానిలో కిందికి ఉబ్బినట్లు కనిపించడాన్ని పీపా వంపు అంటారు. చౌక లెన్సుల్లో ఇది కొంత తప్పదు. చాలా కెమెరాలు దీనిని లోపలి సాఫ్ట్‌వేర్‌తో సరిచేసి ఇస్తాయి, ఆ సవరణలో మూలల పదును కొంత పోతుంది. కటకాల్లో ఒకటి పక్కకు ఒరిగి అమరిందేమో చూడడానికి అదే గీతను చట్రం మధ్యకు తెచ్చి, ఎడమ కొస, కుడి కొస ఎంత పదునుగా ఉన్నాయో పోల్చాలి. ఒక వైపు మాత్రమే మసకగా ఉంటే ఆ నమూనాను తిరస్కరించవచ్చు. ఇటుక గోడను ఫోటో తీసి చూడడం ఇందుకు ప్రసిద్ధమైన మరో పద్ధతి. కళింగపట్నానికి చేరువలో, వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధక్షేత్రంలో, అంటే 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చిన స్తూపాల గుట్ట మీద, ఇటుకలకు కొదవలేదు. అయితే స్తూపాలు వర్తులాకారంలో ఉండడం వల్ల అంచులు సహజంగానే కెమెరాకు దూరం జరుగుతాయి, కనుక పరీక్షకు మామూలు ప్రహరీగోడే నయం.

తీరం తూర్పుముఖం కావడంతో ఉదయం పూట సముద్రాన్ని తీసినప్పుడల్లా ఎండ కెమెరాకు ఎదురుగా ఉంటుంది. కటకాల మీది పూత నాసిరకమైతే బొమ్మంతా పలచని తెల్లని పొర కప్పినట్లు అవుతుంది. ప్రకాశవంతమైన ఆకాశం మీద నల్లగా నిలిచే దీపస్తంభం అంచునో, లంగరు వేసిన పడవ కొయ్యనో పెద్దది చేసి చూస్తే ఊదారంగు చార కనిపించవచ్చు. వేర్వేరు రంగుల కాంతి వేర్వేరు దూరాల్లో కేంద్రీకృతం కావడం, అంటే వర్ణ విపథనం, ఇందుకు ఒక కారణం. అపర్చర్ అనే కాంతిద్వారం కొలత ఏ1400 వంటి వాటిలో వెడల్పు కొసన ఎఫ్ 2.8 ఉండగా పూర్తి జూమ్‌లో ఎఫ్ 6.9కి పడిపోతుంది, అంటే లోపలికి వచ్చే వెలుతురు దాదాపు ఆరో వంతే. సాయంత్రం పూట జూమ్ చేసి తీసిన ఫోటోలు కదిలిపోవడానికి చేతి వణుకుతోపాటు ఈ లెక్క కూడా పెద్ద కారణం.

సెన్సర్

చౌక జేబు కెమెరాల్లో అధికభాగం '1/2.3 అంగుళం' రకం సెన్సర్‌ను వాడతాయి. ఈ పేరు పాత టెలివిజన్ కెమెరా గొట్టాల కొలతల నుంచి వచ్చినదే తప్ప నిజమైన కొలత కాదు. దాని అసలు పరిమాణం సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే 28 చదరపు మిల్లీమీటర్లు. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఫిల్ము చట్రంతో పోలిస్తే ఇది 30వ వంతు. ఇంత చిన్న జాగాలో 16 మెగాపిక్సెళ్ళు, అంటే కోటీ 60 లక్షల కాంతిగ్రాహక బిందువులు ఇరికిస్తే ఒక్కోటి సుమారు 1.3 మైక్రాన్ల వెడల్పు మాత్రమే ఉంటుంది.

ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది. కాంతి సన్నని ద్వారంలోంచి వచ్చేటప్పుడు వివర్తనం చెంది, ఒక బిందువు బిందువుగా కాక చిన్న బిళ్ళగా పడుతుంది. ఆకుపచ్చ కాంతికి ఎఫ్ 2.8 దగ్గర ఆ బిళ్ళ వ్యాసం సుమారు 3.8 మైక్రాన్లు, ఎఫ్ 6.9 దగ్గర 9 మైక్రాన్ల పైచిలుకు. అంటే పూర్తి జూమ్‌లో లెన్సు ఎంత నిర్దోషమైనదైనా ఒక్కో బిందువు ఆరేడు పిక్సెళ్ళ వెడల్పున పరుచుకుంటుంది. 16 మెగాపిక్సెళ్ళ నుంచి 20కి పోవడం వల్ల ఇలాంటి కెమెరాలో పెరిగేది ఫైలు సైజే తప్ప బొమ్మలోని వివరం కాదు. వాడుక వైపు నుంచి చూసినా 4 అంగుళాలకు 6 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున, 21 లక్షల 60 వేల పిక్సెళ్ళు చాలు. 8 అంగుళాలకు 12 అంగుళాల ప్రింటుకు 86 లక్షలు. స్టూడియోలో కడిగించే మామూలు ప్రింట్ల కోసం 7 లేదా 8 మెగాపిక్సెళ్ళ పాత కెమెరాను తక్కువచేసి చూడనక్కరలేదు.

సెన్సర్‌ను పరీక్షించవలసింది వెలుతురు తగ్గినప్పుడు. సంకేతాన్ని ఎంత పెంచి చదవాలో చెప్పే ఐఎస్ఓ అంకెను 80 లేదా 100 దగ్గర నుంచి మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ, ఒకే ముఖాన్ని కిటికీ వెలుతురులో తీసి, వెంట్రుకలు విడివిడిగా కనిపించడం ఎక్కడ ఆగిపోయిందో గుర్తించాలి. చౌక కెమెరాలు గరుకుదనాన్ని దాచడానికి బొమ్మను నునుపు చేస్తాయి కాబట్టి చుక్కలు కనిపించకపోవడం మంచి గుర్తు కాదు; నూలు చీర నేత, వల కన్ను, నెరిసిన గడ్డం లాంటివి మైనపు ముద్దలా మారాయేమో చూడడమే సరైన పరీక్ష. 1/2.3 అంగుళం సెన్సర్ల విషయంలో సాధారణంగా ఐఎస్ఓ 400 దాటాక ఈ క్షీణత తేటతెల్లమవుతుంది.

పాత సీసీడీ సెన్సర్లలో ఒక ప్రత్యేక దోషం ఉంది: అలల మీద సూర్యుడి తళుకు వంటి మితిమీరిన వెలుగు చట్రంలో పడితే, తెర మీదా వీడియోలోనూ పైనుంచి కిందికి నిలువు చార ఏర్పడుతుంది. సీమాస్ సెన్సర్లలో ఈ చార రాదు గాని, వేగంగా పక్కకు తిప్పుతూ వీడియో తీస్తే స్తంభాలు ఒరిగినట్లు కనిపిస్తాయి. పాత సీసీడీ కెమెరాల రంగులు 'ఫిల్ములా' ఉంటాయన్న ప్రచారం ఈమధ్య కుర్రకారులో వాటి ధరలను పెంచింది. ఆ తేడాలో ఎక్కువ పాలు సెన్సర్‌ది కాదు, రంగులను లెక్కగట్టే ఆనాటి సాఫ్ట్‌వేర్‌ది.

రంగుల సవరణను తేల్చుకోవడానికి తెల్ల కాగితం చాలదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెళ్ళి రంగుల షామియానా కింద జరుగుతుంది. ఎర్రని గుడ్డలోంచి వడకట్టి వచ్చిన ఎండలో పసుపు రాసిన ముఖాన్ని తీస్తే, ఆ పసుపునే వెలుతురు దోషంగా భావించి కెమెరా దాన్ని చల్లార్చేస్తుంది, లేదా ముఖమంతా నారింజ ముద్ద చేస్తుంది. వెలుతురు రకాన్ని చేతితో ఎంచుకునే అవకాశం మెనూలో ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

ఫ్లాష్

జేబు కెమెరా ఫ్లాష్ జెనాన్ వాయువు నింపిన సన్నని గాజుగొట్టం. బ్యాటరీ ఇచ్చే 3 వోల్టులను సుమారు 300 వోల్టులకు పెంచి కెపాసిటర్‌లో నిలవచేసి, ఒక్క క్షణంలో గొట్టంలోంచి వదులుతారు. కాంతి దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, పీటల మీద కూర్చున్న దంపతులను రెండు మీటర్ల దూరం నుంచి బాగా చూపిన ఫ్లాష్, కెమెరాకు నాలుగు మీటర్ల దూరంలో వారి వెనుక నిలబడ్డ చుట్టాల మీదికి నాలుగో వంతు వెలుతురే చేరుస్తుంది. చౌక రకాల్లో ఉపయోగపడే దూరం సాధారణంగా 3 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఒకసారి వెలిగాక మళ్ళీ సిద్ధం కావడానికి పట్టే వ్యవధిని గడియారంతో కొలవాలి. బ్యాటరీ పాతబడేకొద్దీ అది 5 సెకన్ల నుంచి 10 సెకన్లకు జారి, తలంబ్రాలు అయిపోయాక ఫ్లాష్ సిద్ధమవుతుంది.

ఫ్లాష్‌ను పూర్తిగా ఆపివేసి, ఆ అమరికను కెమెరా ఆరిన తరువాత కూడా గుర్తుంచుకోవడం మరో అవసరమైన గుణం. జనవరి మొదలుకొని శ్రీకాకుళం తీరపు ఇసుకతిన్నెల మీదికి గుడ్లు పెట్టడానికి రాత్రివేళ వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వెలుగుకు బెదిరి వెనుదిరుగుతాయి. తాబేలు పిల్లలు వెలుతురు ఉన్న వైపే సముద్రమనుకుని దారి తప్పుతాయి. అక్కడ ఫ్లాష్‌తోపాటు ఫోకస్‌కు సాయపడే చిన్న దీపాన్ని కూడా ఆపే వీలుండాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

ఫోకస్, తెర

ఈ కెమెరాలు బొమ్మలోని వెలుగునీడల తేడా గరిష్ఠమయ్యేదాకా కటకాన్ని ముందుకూ వెనక్కూ జరిపి ఫోకస్ కుదుర్చుకుంటాయి. అందువల్ల మబ్బు లేని ఆకాశం, తడి ఇసుక వంటి సాదా తలాల మీద తికమకపడతాయి. మీటను సగం నొక్కి ఉంచి, పూర్తిగా నొక్కాక ఎంతసేపటికి ఫోటో పడిందో చూస్తే, ఫోకస్‌కు పట్టే సమయం పోగా మిగిలే ఆలస్యం తెలుస్తుంది. చేతి వణుకును కటకాన్నో సెన్సర్‌నో కదిపి సరిదిద్దే ఏర్పాటు విలువైనది. 'డిజిటల్' లేదా 'ఎలక్ట్రానిక్' స్థిరత్వం అని రాసి ఉంటే అది చాలా సందర్భాల్లో ఐఎస్ఓను పెంచడమో బొమ్మను కత్తిరించడమో మాత్రమే.

తెర మీద '2 లక్షల 30 వేల చుక్కలు' అన్న లెక్కలో మూడు రంగుల చుక్కలు కలిస్తే ఒక పిక్సెల్ కాబట్టి అసలు స్పష్టత పొడవున 320, వెడల్పున 240 పిక్సెళ్ళు. మిట్ట మధ్యాహ్నం ఒడ్డున ఆ తెర మీద ఏమీ కనిపించదు, గురి అంచనా మీద పెట్టవలసిందే. కంటికి ఆనించి చూసే గాజు కిటికీ చౌక రకాల్లో ఒక్కొక్కటిగా మాయమవుతున్న రోజుల్లో దాన్ని నిలుపుకున్న ఆఖరి వాటిలో ఏ1400 ఒకటి. తీరంలో వాడేవారికి ఆ చిన్న కిటికీ నాలుగు మెగాపిక్సెళ్ళ కంటే ఎక్కువ.

బ్యాటరీ

చౌక కెమెరాలు రెండు రకాలు: ఏఏ సైజు పెన్సిల్ సెల్లు రెండు వేసుకునేవి, సొంత లిథియం బ్యాటరీ ఉన్నవి. మొదటి రకానికి ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా సెల్లు దొరుకుతాయి. తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తరువాత ఈ జిల్లాలో జరిగినట్లు, అదే పెద్ద లాభం. అయితే గోడగడియారాలకు వాడే చౌక జింకు సెల్లు ఫ్లాష్ అడిగే విద్యుత్తును ఇవ్వలేక పట్టుమని పది ఫోటోలకే చేతులెత్తేస్తాయి. ఆల్కలైన్ సెల్లు నయం, రీచార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు అన్నిటికంటే మేలు. వీటి వోల్టేజి 1.5కు బదులు 1.2 కావడంతో కొన్ని కెమెరాలు నిండు సెల్లును కూడా ఖాళీగా చూపిస్తాయి. 'ఇన్ని ఫోటోలు' అని తయారీదారు చెప్పే అంకె జపాన్ కెమెరా సంస్థల సంఘం సీపా ప్రమాణం ప్రకారం, 23 డిగ్రీల వద్ద, 30 సెకన్లకు ఒకటి చొప్పున, ఒకటి విడిచి ఒకటి ఫ్లాష్‌తో తీసి లెక్కించినది. కెమెరాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది పనికివస్తుంది, సొంత వాడుకకు హామీ కాదు.

సెల్లు వేసే గదిని తెరిచి చూడడం తప్పనిసరి. స్ప్రింగుల మీద తెల్లని పొడి ఉంటే సెల్లు కారాయని, ఆకుపచ్చ చిలుము ఉంటే ఉప్పుతేమ రాగిని తింటోందని అర్థం. తెల్లని పొడి క్షారం కాబట్టి నిమ్మరసం అద్దిన దూదితో తుడిస్తే పోతుంది. మూతకున్న గోరంత ప్లాస్టిక్ కొక్కెం రెండు సెల్లు లోపలినుంచి నెట్టే బలాన్ని ఏళ్ళ తరబడి ఓర్చుకోవాలి. అది విరిగి, రబ్బరు బ్యాండుతో బిగించిన కెమెరాలు సెకండ్‌హ్యాండ్‌లో తరచూ కనిపిస్తాయి.

ఒళ్ళు, కార్డు, పాత సరుకు

ధూళికీ నీటికీ తట్టుకునే శక్తిని సూచించే ఐపీ గుర్తు చౌక రకాల మీద సాధారణంగా ఉండదు. తక్కువ ధరలో నీటికి ఆగేవి కొన్నే, ఉదాహరణకు 2016లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ డబ్ల్యూ100 పది మీటర్ల లోతు దాకా తట్టుకుంటుంది. మిగిలిన వాటి విషయంలో మీటల చుట్టూ సందులు, మరల తలల మీద తుప్పు, స్టాండుకు బిగించే మరగుంత లోహమా ప్లాస్టికా అన్నవి చూస్తే చాలు. తేమ చేసే అసలు హాని బూజు: లెన్సులోకి టార్చి వేసి పక్కనుంచి చూస్తే సాలెగూటి పోగుల్లా కనిపిస్తుంది, లోపలి కటకానికి పడితే తుడవడం సాధ్యం కాదు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం దానికి పోషణే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. ఏ పరిస్థితుల్లోనూ ఒంటిని విప్పకూడదు, ఆరిన కెమెరాలోని ఫ్లాష్ కెపాసిటర్ కూడా ప్రమాదకరమైన షాక్ కొట్టగలదు.

కార్డుల్లో మెలిక ఒక్కటే. 2006లో ఎస్‌డీహెచ్‌సీ ప్రమాణం రాకముందు తయారైన కెమెరాలు సాధారణంగా 2 జీబీ దాకా ఉన్న ఎస్‌డీ కార్డులనే చదువుతాయి, ఆ కార్డులు ఇప్పుడు దుకాణాల్లో దొరకడం కష్టం. ఎక్స్‌డీ కార్డు అడిగే పాత ఒలింపస్, ఫ్యూజీ రకాలకు, మెమరీ స్టిక్ అడిగే పాత సోనీ రకాలకు కార్డు ధర కెమెరా ధరతో పోటీపడుతుంది, కాబట్టి అవి ఎంత చవకగా వచ్చినా, అమ్మేవారు కార్డు, చార్జరు చేతికిచ్చి, కార్డును ఫోటోలతో చివరిదాకా నింపి, కంప్యూటరులో తెరిచి చూపితేనే కొనడం క్షేమం. సెల్లు తీసి ఒక రోజు పక్కన పెట్టాక తేదీ మొదటికి వచ్చేస్తే లోపలి చిన్న సెల్లు అయిపోయినట్లు. బొమ్మకేమీ నష్టం ఉండదు, కానీ సెల్లు తీసి పెట్టినప్పుడల్లా తేదీని మళ్ళీ సరిచేసుకోవలసి ఉంటుంది.